వయసు పెరగని అర

పోయినవారం మనం పట్టికలమ్మను కుర్చీలోంచి సగం లేచిన మనిషిని లేచినట్టే వదిలేసి వచ్చాం. వారం రోజులూ ఆమె అలాగే వంగి నిలబడి ఉందని జాలిపడకండి. మనకు వారం గడిచింది గానీ ఆమెకు ఇంకా ఆ క్షణమే నడుస్తోంది. కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం ఇంతవరకూ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేసి, ఆమెను పూర్తిగా లేపుదాం.

తప్పిపోయినవాళ్ళనీ దొరికినవాళ్ళనీ కలిపే ఆఫీసు అది. ఇంటి మనిషి కనబడటం లేదని ఎవరైనా ఫిర్యాదు ఇస్తే, అది కంప్యూటర్లో ఉన్న పెద్ద పట్టికలో ఒక వరస అవుతుంది. ఆసుపత్రిలోనో, ఆశ్రమంలోనో, ప్లాట్‌ఫారం మీదో ఊరూ పేరూ చెప్పలేని మనిషి దొరికితే అదీ ఒక వరసే. ఈ వరసకూ ఆ వరసకూ ముడి పడితే ఒక ఇంటి ఏడుపు ఆగుతుంది. ఏళ్ళ తరబడి చేరి చేరి ఆ వరసలు కోట్లు దాటాయి. ఆ కోట్లకు కాపలా కూర్చున్న మనిషిని కిటికీల దగ్గర గుమస్తాలు పట్టికలమ్మ అంటారు. మొదట్లో వేళాకోళానికే అన్నారు, తర్వాత అదే ఖాయమైపోయింది.

ఆమె పై అధికారి ఎవరో కాదు, సొంత బాబాయి. చదువుకునే రోజుల్లో ఆమె వాళ్ళింట్లోనే ఉంది. బాబాయికి ఒక్కగానొక్క కొడుకు. వాడి అల్లరికి ఇంట్లో అందరూ పిడుగు అనేవాళ్ళు. ఆరేళ్ళ వయసులో రైల్వేస్టేషన్ జనంలో పిన్ని చెయ్యి జారిపోయాడు. పన్నెండేళ్ళైంది. అప్పటిదాకా కరెంటు బిల్లుల పట్టికలు చూసుకుంటూ నిమ్మళంగా ఉన్న బాబాయి ఆ ఉద్యోగానికి నీళ్ళొదిలి ఈ ఆఫీసులో చేరాడు. ఆయన చేరేనాటికి ఒక్క మనిషిని వెతకమంటే పూటంతా పట్టేది. జనం టోకెన్లు పట్టుకుని కుర్చీల్లోనే నిద్రపోయేవాళ్ళు.

బాబాయి ఆ పట్టికను వయసుల వారీగా అరలుగా విడగొట్టాడు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు మొదటి అర, అక్కణ్ణుంచి ఇరవై దాకా రెండో అర, ఆ పైన మిగతావి. పిల్లాడి కోసం వెతికేటప్పుడు పిల్లల అర తెరిస్తే చాలు, ముసలివాళ్ళ అర ముట్టుకోనక్కర్లేదు. దాంతో పూటంతా పట్టే జవాబు రెప్పపాటులో రావడం మొదలైంది. ఆయన పేరు మారుమోగిపోయింది. ఎక్కడెక్కడి ఆఫీసుల వాళ్ళో వచ్చి చూసి నేర్చుకుపోయారు.

ఇప్పుడు పెద్దవాళ్ళ అరలు మళ్ళీ బరువెక్కి నత్తనడక పట్టాయి. వాటి వేగం పెంచే పని పట్టికలమ్మ మీద పడింది. చేసిన మార్పు పనిచేస్తోందో లేదో చూడటానికి ఏదో ఒక వరస కావాలి కదా. ఆమెకు కంఠతా వచ్చిన వరస ఒకటే, పిడుగుది. వాడికిప్పుడు పద్దెనిమిది. బరువైన అరలోకి వెళ్ళి వెతికి రావాలి కనక కాస్త ఆలస్యమవుతుందని అనుకుంటూ మీట నొక్కింది. వేలు తీసేలోపే జవాబు వచ్చేసింది: సరిపోలినవారు లేరు.

వేగం కోసమే జీతం తీసుకునే మనిషికి ఆ వేగం చూసి గుండెల్లో రాయి పడింది. ఇంత త్వరగా వచ్చిందంటే ఇది ఎక్కడ వెతికింది? ఏ అర తెరిచిందో చూసింది. అక్కడే కుర్చీలోంచి సగం లేచింది, మనం అక్కడే వదిలేశాం.

ఇప్పుడు పూర్తిగా లేచి నిలబడింది.

బాబాయి గదికి ఒకవైపు అద్దం గోడ. అందులోంచి హాలంతా కనబడుతుంది: నేలకు బిగించిన ఇనప కుర్చీలు, మూల నీళ్ళ డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టేసిన గ్లాసు, జలుబు చేసినట్టు మాట్లాడే మైకు, ఎదురుగా వరసగా కిటికీలు. ఆ కుర్చీల్లో మెడలో కొలత టేపుతో ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడే పిన్ని. వీధి చివర చిన్న కుట్టు కొట్టు నడుపుతుంది. పని మధ్యలో లేచి వచ్చేస్తుంది కాబట్టి టేపు తీయడం ఎప్పుడూ మరిచిపోతుంది.

మొగుడు ఆ ఆఫీసుకు పెద్ద కదా, లోపలికి వచ్చి అడగొచ్చు. అడగదు. వారం వారం గురువారంనాడు వచ్చి, అందరితోపాటు టోకెన్ తీసుకుని, పిలిచినప్పుడు కిటికీ దగ్గరికి వెళ్తుంది. మా అబ్బాయి సంగతేమైనా తెలిసిందా అంటుంది. లేదమ్మా అంటారు. సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోతుంది. బాబాయి కూడా వారానికో పూట కిటికీలో కూర్చుంటాడు, జనంతో సంబంధం తెగిపోకూడదని. ఆయన ఎంచుకున్నది సోమవారం. గురువారం ఎందుకు ఎంచుకోలేదో ఆయనా చెప్పలేదు, ఆఫీసులో ఎవరూ అడగలేదు. కట్టుకున్నదానికి తన నోటితో 'లేడు' అని చెప్పలేకే అని అందరికీ తెలుసు.

"సార్, ఒక్క మాట," అంది పట్టికలమ్మ తలుపు దగ్గర నిలబడి. ఆఫీసులో ఆమె ఆయన్ని ఎన్నడూ బాబాయ్ అని పిలవలేదు.

"సర్వర్ గురించైతే ఇప్పుడు చెప్పు, సెలవు గురించైతే రేపు చెప్పు," అన్నాడాయన కాగితాల్లోంచి తలెత్తకుండా.

"అరల గురించి."

ఆయన కళ్ళజోడు పైకి జరిపి నవ్వాడు. ఆ అరల మాటెత్తితే ఎంత చిరాకులో ఉన్నా ఆయన ముఖం విప్పారుతుంది. "ఎంత తగ్గించావు?"

"తగ్గించలేదు సార్. పట్టిక మొత్తం మీద ఒక్కసారి వెతకనివ్వండి. అరలన్నీ పక్కన పెట్టి."

"ఏంటీ?"

"మొత్తం మీద."

"మతి ఉండే మాట్లాడుతున్నావా అమ్మాయ్? మొత్తం మీద వదిలావంటే సాయంత్రం దాకా ఒక్క కిటికీ కదలదు. బయట ఎంతమంది ఉన్నారో చూశావా? ఎక్కడెక్కణ్ణుంచో బస్సులు పట్టుకుని వచ్చారు. వాళ్ళను కూర్చోబెట్టి నీ ప్రయోగాలా?"

"ప్రయోగం కాదు సార్..."

"మరి?"

పట్టికలమ్మ నీళ్ళు నమిలింది. మామూలుగా ఆమెది గట్టి నోరు. పెద్ద పెద్ద అధికారుల ముందు కూడా ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. కానీ ఈ మాట ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఇది చెప్తే ఎదురుగా ఉన్న మనిషి ఏమైపోతాడోనని భయం వేసింది. చెప్పకపోతే బయట టేపు మెడలో వేసుకుని కూర్చున్న మనిషి ఇంకా ఎన్ని గురువారాలు వస్తుందో.

"చెప్పలేనిదానివి ఎందుకొచ్చావు? నీలాంటివాళ్ళు రోజుకొకరు వస్తారు, అరల్లో తప్పుందని. ఎన్నేళ్ళుగానో నడుస్తోంది. ఒక్క రోజు ఆగిందా? ఇక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టే. ఆ నమ్మకం జనానికి ఊరికే రాలేదు." ఆయన గొంతు పెరిగింది. బయట ముందు వరసలో ఒకరిద్దరు తిరిగి చూశారు.

"ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పండి. తర్వాత తిట్టండి."

"అడుగు."

"ఆరేళ్ళ పిల్లాడు తప్పిపోయాడని ఫిర్యాదు వచ్చింది. ఆ వరస ఏ అరలోకి వెళ్తుంది?"

"ఇది నాకు నువ్వు చెప్పే పాఠమా? మొదటి అర."

"పదేళ్ళ తర్వాత ఆ పిల్లాడు ఎక్కడో దొరికాడు. దొరికినవాళ్ళ కింద రాసేటప్పుడు వాడు ఏ అర?"

"పదహారేళ్ళవాడు కాబట్టి రెండో..."

మాట మధ్యలోనే ఆగింది. ఆయన పెదవులు ఇంకా ఆ అక్షరం దగ్గరే ఉన్నాయి. చేతిలో పెన్ను బల్ల మీద పెట్టబోయి, పెట్టకుండా పట్టుకునే ఉన్నాడు.

"ఈ రెండూ ఒకదానికొకటి ఎప్పుడు ఎదురుపడతాయి సార్?" అంది పట్టికలమ్మ మెల్లగా.

"ఫిర్యాదు వరసని... ఏడాదికోసారి పై అరలోకి జరిపే..."

"ఆ పని ఎవరికీ అప్పగించలేదు. ఫిర్యాదులో వయసు ముట్టుకోకూడదని మన రూలు. అది ఇంటివాళ్ళ వాంగ్మూలం కదా, ఒక్క అంకె కూడా మార్చకూడదు."

"తప్పిపోయినవాళ్ళలో చాలామంది నెల తిరక్కుండానే దొరుకుతారు," అన్నాడాయన గొణుగుతున్నట్టు. "అప్పటికి వయసేం మారుతుంది? అందుకే కదా..."

"దొరికినవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. దొరకనివాళ్ళకే."

మైకులో ఎవరిదో టోకెన్ పిలిచారు. ఎవరో లేచారు, ఎవరో ఆ కుర్చీలో కూర్చున్నారు.

"మనవాడు?" అన్నాడు.

ఆమె ఎప్పుడు బల్ల దాటి ఆయన పక్కకు వచ్చిందో ఆమెకే తెలియదు. "మొదటి అరలోనే ఉన్నాడు బాబాయ్. ఈ పట్టికలో వాడికింకా ఆరేళ్ళే."

ఆయన కళ్ళజోడు తీసి అద్దంలోంచి పిన్నిని చూశాడు. పిన్ని పక్కనున్న ముసలావిడకు చినిగిన సంచీ పిడి ఎలా కుట్టాలో చూపిస్తోంది. ఆవిడకు ఎక్కడ కూర్చున్నా చేతులు ఊరుకోవు.

"వయసెంతమ్మా అంటే పద్దెనిమిది అంటుంది మీ పిన్ని," అన్నాడాయన. "పోయినేడు పదిహేడు అనేది. మూడో కిటికీ గుమస్తా నా దగ్గరికి వచ్చి అడిగాడు, ఏం చెయ్యమంటారు సార్, అమ్మగారు రోజురోజుకీ... అని. నేనేమన్నానో తెలుసా? పోనీలే, తల్లి కదా, మనసు ఒప్పుకోదు, నువ్వు ఆరనే కొట్టు అన్నాను."

పట్టికలమ్మ కూడా ఎన్నో గురువారాలు పిన్ని ఆ మాట అనడం విన్నది. విని, కళ్ళు తుడుచుకుని, తన పనిలో తను పడింది. ఆ ఇంట్లో పిల్లాణ్ణి పెంచింది పిన్ని ఒక్కతే. ఏడాదికో అంగుళం, రెండంగుళాలు, మనసులోనే కొలుచుకుంటూ పెంచింది. మిగతా అందరూ వాణ్ణి ఆరేళ్ళ దగ్గరే ఆపేసి, ఆ ఫోటోకే దణ్ణం పెట్టుకుంటున్నారు.

"నేను ఈ కుర్చీలో కూర్చుంది వాణ్ణి వెతకడానికమ్మాయ్," అన్నాడు బాబాయి. "దాచిపెట్టడానికి కాదు."

"నాకు తెలుసు బాబాయ్."

"నీకు తెలిస్తే ఏం లాభం?"

ఆయన ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కీబోర్డు దగ్గరికి జరుపుకుని, చిన్నప్పుడు ఆమెకు లెక్కలు నేర్పేటప్పుడు అన్నట్టే అన్నాడు: "మొత్తం మీద వెతకొద్దు. హాల్ ఆపొద్దు. ఆలోచించు. మనిషి వయసు మారుతుంది. మారనిదేంటి?"

ఒక్క క్షణం పట్టింది ఆమెకు. "పుట్టిన ఏడు."

"ఫిర్యాదు ఇచ్చిన ఏడులోంచి అప్పటి వయసు తీసేస్తే వచ్చేది పుట్టిన ఏడు. దొరికిన ఏడులోంచి అప్పటి వయసు తీసేసినా అదే వస్తుంది. నేను వయసుని బట్టి అరలు పెట్టాను. పుట్టిన ఏడుని బట్టి పెట్టి ఉంటే..." ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. "సరే. పెద్ద టేబుల్‌ని కదపొద్దు. అందులోంచి మూడే మూడు గడులు పక్కకు తీద్దాం. వరస నంబరు, ఆడా మగా, పుట్టిన ఏడు. ఫోటోలూ వాంగ్మూలాలూ ఏవీ వద్దు, బరువంతా వాటిదే. ఆ చిన్న టేబుల్ మీద ఇండెక్స్ కట్టు. చెప్పిన వయసులన్నీ అంచనాలే కాబట్టి అటో రెండేళ్ళు ఇటో రెండేళ్ళు చూద్దాం. ఆ వడపోతలో మిగిలినవాళ్ళకే పెద్ద పట్టికలోని ఒంటి గుర్తులు పోల్చి చూద్దాం."

"ఫిర్యాదులో అంకె మారదు."

"మారదు. వాంగ్మూలం వాంగ్మూలమే."

ఇద్దరూ పనిలో పడ్డారు. ఆయన చెప్తుంటే ఆమె కొట్టింది, ఆమె తడబడితే ఆయన చెయ్యి సాయం వచ్చింది. కష్టం వచ్చినప్పుడు కొందరు దేవుడి ముందు కూర్చుంటారు, కొందరు మంచం ఎక్కుతారు. వీళ్ళిద్దరికీ చేతిలో పని ఉంటేనే ఊపిరి ఆడుతుంది. చిన్న పట్టిక తయారైంది. కోట్ల వరసలు అందులోకి చిక్కి, తేలికపడి వచ్చాయి. బయట కిటికీలు నడుస్తూనే ఉన్నాయి, ఎవరికీ తేడా తెలియలేదు.

"ముందు మనవాడిది చూద్దామా?" అంది పట్టికలమ్మ.

"వద్దు."

"బాబాయ్..."

"మీ పిన్ని టోకెన్ తీసుకుని కూర్చుంది. వరసలో రానీ."

చిన్న పట్టిక మీద వెతుకులాట వదిలారు. ఏళ్ళ తరబడి 'లేరు' అని పడి ఉన్న పాత వరసల పక్కన ఒక్కొక్కటిగా, సరిపోలినవాళ్ళు ఎందరో చెప్పే అంకెలు వెలగడం మొదలైంది. అయిదేళ్ళప్పుడు జాతర జనంలో తప్పిపోయిన ఒక పాప, పదిహేనేళ్ళ అమ్మాయిగా ఒక ఆసుపత్రిలో ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు పోయిన పిల్లాడు ఇప్పుడు మీసాలొచ్చిన మనిషై ఒక ఆశ్రమంలో వంట చేస్తున్నాడు. అన్నీ నిజం కాకపోవచ్చు, ఇంటివాళ్ళు వచ్చి చూసుకోవాలి. కానీ ఇన్నాళ్ళూ ఆ ఇంటివాళ్ళకు వచ్చి చూసుకునే అవకాశమే లేకపోయింది. పట్టికలమ్మకు ఒక కంట సంతోషం, ఒక కంట సిగ్గు. సంతోషం ఎక్కువ అనలేం, సిగ్గు ఎక్కువ అనలేం.

వరస నంబర్లు పెరుగుతూ వచ్చాయి. ఆమెకు కంఠతా వచ్చిన నంబరు దగ్గర పడింది. బాబాయి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆ వరస పక్కన ఒకటి అని వెలిగింది.

"చదువు," అన్నాడాయన. "నాకు అక్షరాలు ఆనడం లేదు."

ఆమె తెరిచింది. "మగ. సుమారు పదహారేళ్ళు. రెండేళ్ళ కిందటి నమోదు. వచ్చిన విధం, తనంతట తానే."

"తనంతట తనా? ఎక్కడికి?"

"ఇక్కడికే బాబాయ్. మన హాల్‌కే." "చిన్నప్పుడు తప్పిపోయాడట. చాలాకాలం జ్వరంతో ఆశ్రమంలో పడి ఉన్నాడట, అంతకుముందు సంగతులు గుర్తు లేవట. పేరు ఆశ్రమం వాళ్ళు పెట్టిందేనట. తన కోసం ఎవరైనా వెతుకుతున్నారేమో చూడమని అడిగాడు. పని, దర్జీ దగ్గర కాజాలు కుట్టడం."

పిడుగుకు చూపు చురుగ్గా ఉండేది. పిన్ని కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే చాలు, సూదిలో దారం నేనెక్కిస్తానని వెంటపడేవాడు. అది ఇద్దరికీ గుర్తొచ్చింది, ఇద్దరూ పైకి అనలేదు.

"గుర్తులు?"

"ఎడమ మోచేతి కింద... ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ."

ఆ మచ్చ పడిన రోజు వాణ్ణి చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది పట్టికలమ్మే. దారి పొడుగునా 'అక్కా, అమ్మను తిట్టకే, నేనే ముట్టుకున్నా' అని వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆమెకు ముందున్న అక్షరాలు అలుక్కుపోయాయి.

"మచ్చలు చాలామందికి ఉంటాయి," అన్నాడు బాబాయి. తన ఆశను తనే అదుపు చేసుకోవాలని అన్న మాట అది. "తర్వాత?"

"ఫలితం, సరిపోలినవారు లేరు. పంపించివేయడమైనది. చిరునామా... రాయలేదు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరూ అడగలేదు."

"ఎవరు చూశారు వాణ్ణి? ఏ కిటికీ?"

పట్టికలమ్మ ఆ గడి మీద అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"చెయ్యి తియ్యి."

"వద్దు బాబాయ్."

"తియ్యమ్మా."

తీసింది. నమోదైన వారం, సోమవారం. చూసినవారు అన్న గడిలో గుమస్తా హోదా లేదు. అధికారి అని ఉంది.

బాబాయి ఆ ఒక్క మాటనే చాలాసేపు చూశాడు. చూసి చూసి, "ముఖం గుర్తు రావట్లేదే," అన్నాడు. తనను తనే బతిమాలుకుంటున్నట్టు ఉంది ఆ గొంతు. "సోమవారాలు ఎంతమందో వస్తారు. వయసు అడిగాను, కొట్టాను, లేరని వచ్చేసింది. అంత త్వరగా వచ్చేస్తే ఇంక చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించమని ఎందుకడుగుతాం? మచ్చలూ ఫోటోలూ పక్క బల్ల దగ్గర తీసుకుంటారు, మనిషి వెళ్ళిపోయేటప్పుడు. కానీ ఒకడు... ఒకడు కిటికీ వదల్లేదు. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు సార్ అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఎప్పుడూ అనేదే. ఇక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టే బాబూ, మళ్ళీ రానక్కర్లేదు అన్నాను."

ఇలాంటిచోట ఓదార్పు మాటలు వెతికేవాళ్ళుంటారు. పట్టికలమ్మ వెతకలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. కన్నకొడుకు ఎదురుగా నిలబడి నాకెవరైనా ఉన్నారా అని అడిగితే, ఎవరూ లేరని చెప్పి పంపిన చేతులు బల్ల మీద బోర్లా పడి ఉన్నాయి.

వరస చివర చిన్న గుర్తు ఉంది, ఫోటో ఉన్నట్టు. ఆమె మౌస్ అటు జరిపింది.

"వద్దు," అన్నాడు. "అది ముందు చూడాల్సింది నేను కాదు."

అప్పుడే మైకు గొంతు సవరించుకుని ఒక టోకెన్ నంబరు పిలిచింది. మూడో కిటికీ. అద్దం అవతల పిన్ని లేచి నిలబడి, ముసలావిడకు సంచీ అందించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

బాబాయి కూడా లేచాడు. గుమస్తాల వైపు తలుపు తీసుకుని మూడో కిటికీ వెనక్కి వెళ్ళి, "నువ్వు లే," అన్నాడు. గురువారం పెద్దసారు కిటికీకి రావడం ఎన్నడూ చూడని గుమస్తా ఏం తప్పు చేశానోనని కంగారుగా లేచిపోయాడు. పట్టికలమ్మ ఆయన వెనకే వచ్చి నిలబడింది.

పిన్ని రెండడుగుల దూరంలో ఆగిపోయింది. కిటికీలో మొగుణ్ణి చూసింది, ఆయన వెనక కళ్ళు ఎర్రబడి ఉన్న అమ్మాయిని చూసింది. ఏమీ అడక్కుండా వచ్చి టోకెన్ గాజు కిందనుంచి లోపలికి తోసింది.

"ఎవరి కోసం?" అన్నాడు బాబాయి, కిటికీలో ఎవరైనా అడిగినట్టే.

"మా అబ్బాయి కోసం."

"వయసెంత?"

"పద్దెనిమిది."

అని, వారం వారం విన్న ఆ దిద్దుబాటు కోసం ఆగింది. అది రాలేదు. ఆయన ఒకటి కొట్టాడు, తర్వాత ఎనిమిది కొట్టాడు. ఆ రెండు మీటల చప్పుడూ పిన్నికి వినబడింది. మెడలో టేపు రెండు కొసలూ ఆవిడ గుప్పిట్లోకి వచ్చాయి.

"ఇక్కడ ఆరని ఉందమ్మా అనరేం ఇవాళ?"

"అనను," అన్నాడు. "నువ్వు చెప్పిందే సరి."

స్క్రీన్ పట్టుకుని ఆవిడ వైపు తిప్పాడు. ఫోటో గుర్తు మీద నొక్కాడు. ఆ ఆఫీసులో ఫోటోలు మహా నిదానంగా వస్తాయి, పైనుంచి కిందికి, సన్నటి పట్టీలు పట్టీలుగా. ఆ నిదానం మీద కూడా పట్టికలమ్మ దగ్గర ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. జుట్టు వచ్చింది. దువ్వీ దువ్వనట్టున్న జుట్టు. నుదురు వచ్చింది. పిన్ని గాజుకు ముఖం ఆనించింది, ఆవిడ ఊపిరికి గాజు మసకబారితే కొంగుతో తుడిచింది. కనుబొమలు వచ్చాయి. కళ్ళు వచ్చాయి.

ఆవిడ ఆ కళ్ళలోకి చూసింది. ఎంతసేపు చూసిందో పట్టికలమ్మకు తెలియలేదు. కేకేస్తుందనుకుంది, కూలబడుతుందనుకుంది, పట్టుకోవడానికి కిటికీ పక్క తలుపు వైపు ఒక అడుగు వేసింది కూడా.

పిన్ని కేకేయలేదు. ఫోటో ఇంకా గడ్డం దాకా రాకముందే, దాని మీదనుంచి చూపు తిప్పి, మొగుడి ముఖంలోకి చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ముఖం ఎన్ని రకాలుగా మారుతుందో ఆవిడకు తెలియంది కాదు. కొత్తగా ఒక ఫోటో చూస్తున్న మనిషి ముఖం కాదది.

"ఏమండీ," అంది పిన్ని, హాలంతా నిశ్శబ్దమైపోయినట్టు వినబడింది ఆ మాట. "మీరు ఈ అబ్బాయిని ఇదివరకే చూశారు కదూ?"